తలకు దెబ్బ, తలుపు దగ్గర డ్యూటీ

బెళుగుప్ప దాటి కొంతదూరం పోయాక లారీ ఆగింది. దిగాం. మధ్యాహ్నం రెండు గంటలు. ఎర్రమట్టి, వేరుశనగ పీకేసిన చేలు, దూరంగా గాలిమరలు. నీడ అన్నది లారీ కింద తప్ప ఎక్కడా లేదు. ఫైరింగ్ ప్రాక్టీసు కోసం మా ఆర్మీ పటాలం వేసిన తాత్కాలిక క్యాంపు అది. నేను నర్సింగ్ అసిస్టెంటును. నా కిట్టులో కట్లు, సెలైన్, ఆక్సిజన్ సిలిండర్, మెడకు వేసే పట్టీ. మా ఊరు కణేకల్లు అక్కడికి దగ్గరే. సర్వీసంతా మంచుకొండల్లో తిప్పి, ఆఖరి డ్యూటీకి నన్ను మా ఇంటి పెరట్లోకి తోలారని నవ్వుకున్నాను.

ఆ క్యాంపులో తూటాల కంటే నీళ్లు విలువైనవి. వాటిని ట్యాంకర్‌లో తెచ్చేవాడు మా డ్రైవర్. మడకశిర వైపు పిల్లవాడు, గొర్రెలు మేపుకునే కుటుంబం. ముఖం కడుక్కోవడానికి ఇంకో మగ్గు అడిగితే, "ఏమన్నా, పెండ్లికి పోతాండావా?" అనేవాడు. అడిగినవాడు సుబేదారైనా అదే మాట.

ఒక ఉదయం వంక దాటుతుండగా, సగం నీళ్లున్న ట్యాంకర్ ఒక పక్కకు ఒరిగి బోల్తా పడింది. వాడి తల తలుపు ఇనుపకమ్మీకి కొట్టుకుంది. నేను చేరేసరికి ఊపిరి ఉంది, స్పృహ లేదు. మెడకు పట్టీ వేసి ఆక్సిజన్ పెట్టాను. ఒంటి మీద ఇంకెక్కడా గీత కూడా లేదు. పారిన నీళ్లు మేం చూస్తుండగానే మట్టిలోకి ఇంకిపోయాయి.

అనంతపురంలో ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి, తలలో కట్టిన రక్తపు గడ్డ తీశారు. అక్కడి నుంచి కదిలించే స్థితి లేదని ఐసీయూ డాక్టరమ్మ చెప్పింది. ఆంబులెన్సులోని వైర్‌లెస్‌లో సుబేదార్ సాబ్ దొరికాడు. కడప మనిషి.

"నువ్వు ఆడే ఉండు. ఐసీయూ తలుపు కాడ. డాక్టరమ్మ చెప్పనిది ఈగ గూడ లోపలికి పోకూడదు. ఓవర్."

"వాడు లేచినంక, సార్? ఓవర్."

"ఇద్దరూ కల్సి రాండి. అవుట్."

మూడో రోజు వాడు కళ్లు తెరిచాడు. నా వేలు పట్టుకుని నొక్కాడు. గెలిచామనుకున్నాను. మరుసటి రోజే జ్వరం.

"తల కుదురుకుంటాండాది. ఇప్పుడు భయమంతా ఊపిరితిత్తులతోనే" అంది డాక్టరమ్మ.

"దెబ్బ తలకు గదా మేడం?"

ఆమె విసుక్కోకుండా చెప్పింది. మెదడు గట్టిగా దెబ్బతింటే నరాల గుండా, రక్తంలో కలిసే హార్మోన్ల గుండా ఒళ్లంతటికీ కబురు పోతుందట. రక్తంలోని క్రిములను వడగట్టే ప్లీహం కుంచించుకుపోతుంది. క్రిములతో పోరాడే తెల్లకణాలు తగ్గుతాయి, మిగిలినవి మందగిస్తాయి. మామూలు రోజుల్లో మన గొంతులో ఊరకే పడి ఉండే క్రిములు కూడా అప్పుడు ఊపిరితిత్తుల్లోకి దిగి మనిషిని తీసుకుపోగలవు. నాకు నా భాషలో అర్థమైంది. దెబ్బ తిన్నది హెడ్‌క్వార్టర్. కాపలా సెంట్రీలందరినీ పడుకోమని ఆర్డరు ఇచ్చిందీ అదే. నాకు ఒళ్లు మండిపోయింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో మాత్రం తెలియలేదు.

అంతలో మడకశిర నుంచి టెంపో నిండా చుట్టాలు దిగారు. మా వైపు మంచాన పడ్డ మనిషిని వచ్చి పలకరించకపోతే జన్మంతా మాట పడాలి. చూసి, ముట్టుకుని, రెండు మాటలు చెప్పి పోవాలి. ముందు వాడి తండ్రి వచ్చాడు. భుజం మీద కంబళి, చేతిలో దేవుడి బండారు పొట్లం. బండారంటే గుడిలో ఇచ్చే పసుపు. కొడుకు నుదుటికి పెట్టాలన్నాడు. నేను తలుపుకు అడ్డం నిలబడ్డాను.

"ఏమప్పా, కన్న కొడుకును చూసేకి నీ ఆర్డరు కావల్లా?"

"మనల్నేమీ చేయలేని క్రిములు గూడ వాన్ని పడేస్తాయి పెద్దాయనా. వాని ఒంట్లో తట్టుకునే శక్తి లేదు."

"గొర్లతో పాటు వానలో పండుకున్నోడు. ఇన్నేండ్లలో ఒక్క జొరం రాలేదు. తలకు దెబ్బ తగిల్తే ఒంట్లో శక్తి యాడికి పోతాది?"

డాక్టరమ్మ మాటలన్నీ నాకు గుర్తున్నాయి. అయినా తలుపు మీద చెయ్యి ఆనించి అక్కడే నిలబడ్డాను. ఆయన పొట్లం విప్పాడు.

"అట్లయితే నీకు పెడ్తా. నువ్వు లోపలికి పోతావు గదా."

నా నుదుటి మీద బొటనవేలితో బండారు అద్దాడు. లోపలికి పోయే ముందు ముఖం, చేతులు సబ్బుతో కడగాలన్నది రూలు. కుళాయి తలుపు పక్కనే ఉంది. ఆయన చూస్తుండగానే కడిగేశాను. తిట్టి ఉంటే బాగుండేది. ఆయన పోయి గోడ వారన కూర్చున్నాడు.

మందులు మార్చారు. జ్వరం దిగలేదు. చివరికి డాక్టరమ్మ తండ్రిని ఒక్కసారి పంపమంది. గౌను, మాస్కు, గ్లవుజులు నేనే తొడిగాను. ఆయన గ్లవుజు చేత్తో కొడుకు పాదం పట్టుకుని నిలబడ్డాడు. బయటికొచ్చి, "ఈ చెయ్యి నాది గాదప్పా. నేనని వానికి యెట్ల తెలుస్తాది?" అన్నాడు.

మరునాడు ఉదయం వాడు పోయాడు. తండ్రి తప్ప నన్ను దాటి చుట్టాల్లో ఒక్కరూ లోపలికి పోలేదు. ఆ క్రిమి వాడి గొంతులోదే అయి ఉంటుందని డాక్టరమ్మ చెప్పింది. శత్రువు లోపలే ఉన్నాడు, నేను బయటికి చూస్తూ కాపలా కాశాను.

క్యాంపుకు ఒక్కడినే పోయాను. గుడారాలు విప్పాక రిటైరై కణేకల్లు చేరాను. టీ కొట్టు దగ్గర జనం మంచుకొండల గురించి అడుగుతారు. చెబుతాను. కొండల్లో చూసినవి చాలావరకు మసకబారాయి. వాడు పోయిన ఆ ఉదయం మాత్రం కళ్ల ముందు నుంచి పోదు.

యంత్రాలు ఆపేశాక తండ్రిని పిలిచాను. గౌను, మాస్కు, గ్లవుజులు ఈసారి తనే తొడుక్కుని వచ్చాడు. మంచం పక్కన నిలబడి నా వైపు చూశాడు.

"ఇప్పుడు తీయొచ్చునా?"

తలూపాను. గ్లవుజును ఒక్కో వేలూ లాగి తీశాడు. కొడుకు గుండె మీద అరచెయ్యి ఆనించాడు. చాలాసేపు అలాగే ఉంచాడు.

"ఇంకా కాల్తాండాది" అన్నాడు.