యులాలియా ఫోటో కింద రాత

చిపా రొట్టెలమ్ముకునే యులాలియాకు ముసలితనం వచ్చేదాకా తన చిన్నతనం మీద ఏ అనుమానమూ లేదు. అనుమానం తెచ్చిపెట్టినవాళ్ళు చరిత్ర రాసేవాళ్ళు.

పరాగ్వేలోని ఆ ఊళ్ళో ఒకప్పటి పెత్తందారు దోన్ క్రెసెన్సియో పేరెత్తితే సగం మంది టోపీ తీస్తారు, సగం మంది ఉమ్మేస్తారు. రోడ్డు వేయించిందీ ఆయనే, గిట్టనివాళ్ళను ఠాణాలో కుళ్ళబెట్టిందీ ఆయనే. ఊళ్ళో చాలామంది పిల్లలకు జ్ఞానస్నానం నాడు జ్ఞానతండ్రిగా నిలబడిందీ ఆ మహానుభావుడే. యులాలియా వాళ్ళలో ఒకతె.

ఇప్పుడు ఆయన ఇంటిని మ్యూజియం చేస్తున్నారు. ఆ పని రిటైరైన ఓవెలార్ మాస్టారిదీ, రాజధానిలో చదివొచ్చిన మిర్నాదీ. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ. ఒక ఫోటో పట్టుకుని ఇద్దరూ రొట్టెల బుట్ట దగ్గరికే వచ్చారు. ఫోటోలో చిన్నారి యులాలియా చేతులు జోడించి దోన్ ముందు నిలబడి ఉంది.

"చూశావా యులాలియా, ఆయన్ని దేవుడిలా కొలిచేవాళ్ళం!" అన్నాడు మాస్టారు.

"కొలిచారా, పాడా! వాళ్ళ నాన్న అప్పుడు ఠాణాలో ఉన్నాడు. వదిలెయ్యమని బతిమాలుతోంది. కదా పెద్దమ్మా?" అంది మిర్నా.

"జ్ఞానతండ్రి ఎదురైతే చేతులు జోడించి దీవెన అడగమా తల్లీ? అదే అడిగాను."

మాస్టారు మీసం దువ్వుకున్నాడు.

"ఆ తర్వాత నాన్నని వదిలెయ్యమనీ అడిగాను. అమ్మ వెనకనుంచి పొడుస్తోందిగా."

మిర్నా గబగబా రాసుకుంది.

"ఫోటోలో అడిగేది ఏది మరి?" ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

యులాలియా ఫోటోను కళ్ళ దగ్గరికి తెచ్చుకుని చూసింది. దోన్ దీవెనా ఇచ్చాడు, నాన్ననీ ఇచ్చాడు. తిరిగొచ్చిన నాన్న చచ్చేదాకా గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. దోన్ పంపిన బూట్లేసుకుని ఆమె సంబరంగా బడికెళ్ళింది. ఆ మనిషంటే భయమా, ఇష్టమా? తల గోక్కుంది. ఏమీ తేలలేదు.

"రెండూ రాయండి. నా పేరూ, మా నాన్న పేరూ పెట్టి రాయండి. నాన్న పేరు ఇంకెక్కడా లేదు," అంది చివరికి.

మ్యూజియం తెరిచిన రోజు ఉతికిన బట్టలేసుకుని వెళ్ళింది. ఫోటో ఉంది. కింద రాత ఉంది: "దోన్ క్రెసెన్సియో, గుర్తు తెలియని బాలిక."

"మా ఇద్దరికీ కుదరలేదు. గొడవెందుకని..." మిర్నా నసిగింది.

యులాలియా ఫోటో వైపు చూసింది, మాస్టారి వైపు చూసింది.

"గుర్తు తెలియకపోవడమేంటి మాస్టారూ? పొద్దున నా దగ్గరేగా రొట్టె కొన్నారు!"