ఎర్ర టోపీ వెనకాల

నిన్న పొద్దున నేను సింగపూర్‌లో మా పేట జురాంగ్ వెస్ట్‌లో ఒక చైనీస్ అంకుల్‌ని మా నాన్న అనుకుని ఇరవై నిమిషాలు తరిమాను. నవ్వండి, పర్లేదు, ముందు టీ చల్లారకుండా తాగండి.

నాన్నకి అల్జీమర్స్ అని తెలుసుగా. రోజూ అరగంట చురుగ్గా నడిపించండి, ఒళ్ళూ మనసూ రెండూ కుదుటగా ఉంటాయంది డాక్టర్. ఆయనేమో ముప్ఫై ఏళ్ళు డ్రిల్ మాస్టారుగా చేసిన మనిషి. పక్కన నడిస్తే ఒప్పుకోరు, వెనకాలే రావాలి. కనిపెట్టుకోవడం సులువని కమ్యూనిటీ క్లబ్ వాళ్ళు ఊరికే ఇచ్చిన ఎర్ర టోపీ పెట్టాను. పేటలో ముసలివాళ్ళందరికీ అదే ఇచ్చారన్న సంగతి నా బుర్రకి తట్టలేదు.

నడుస్తుండగా ఆఫీసు నుంచి సెల్‌ఫోన్ మోగింది. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమకపడకుండా చేసే వైటూకే టెస్టింగ్ ఆగిపోయిందట. ఫోన్లో అరుస్తూనే టోపీ వెనక నడిచాను. నెమ్మదిగా వెళ్ళండి నాన్నా అంటే టోపీ ఇంకా జోరందుకుంది. పరిగెత్తి భుజం పట్టుకుంటే, తిరిగినాయన మా నాన్న కాదు. పాపం, నన్ను దొంగనుకున్నాడు. సారీ అంకుల్ అని దణ్ణం పెట్టి వెనక్కి పరిగెత్తాను.

అప్పుడు వేసింది భయం. ఎవరైనా ఇల్లెక్కడని అడిగితే నాన్న తెనాలి అంటారు. ఇంత పెద్ద ఊళ్ళో ఇంటికెళ్ళాక నన్ను తెలుగులో పలకరించేది ఆయనొక్కరే. ఆయన లేని ఫ్లాట్ తలుచుకోలేక వచ్చిన దారంతా వెతికాను.

మా బ్లాక్ కిందే దొరికారు. పొద్దున్నే ఎక్సర్‌సైజ్ చేసుకునే చైనీస్ ఆంటీలు పదిమందిని వరసలో నిలబెట్టి, "వన్, టూ" అంటూ చేతులెత్తిస్తున్నారు. వాళ్ళూ బుద్ధిగా ఎత్తుతున్నారు. నన్ను చూసి, లేటుగా వచ్చినందుకు బ్లాక్ చుట్టూ మూడు రౌండ్లు కొట్టమన్నారు. ఆఫీసు బూట్లతోనే కొట్టాను.

రొప్పుతూ వచ్చి నిలబడితే పేరడిగారు. శ్రీనివాస్ అని చెప్పాను.

"మావాడి పేరూ అదే. మంచివాడేగానీ, ఫోన్ వదలడు. నువ్వన్నా రోజూ రా బాబూ. ఒక్కణ్ణే నడవాలంటే ఏమీ తోచదు."

వస్తానండీ అన్నాను. చాలా బాధేసింది.

ఇవాళ ఫోన్ ఇంట్లోనే పడేసి, ఆయన్ని కిందికి తీసుకొచ్చి, వెనక వరసలో నిలబడ్డాను. అరగంట చేతులెత్తించాక దగ్గరికొచ్చి, "మావాడికంటే నువ్వే నయం" అని భుజం తట్టారు. పుట్టి ఇన్నేళ్ళకి నాన్న నన్ను మెచ్చుకున్నారు, అదీ నన్ను నాతోనే పోల్చి!