పత్తి నడుమ కొర్ర

మా పెదనాయన కట్టయ్య దున్నే చేను హనుమకొండ రాజేశ్వర్ రావుది. పత్తి తప్ప ఇంకేం వేసినా కౌలు రద్దేనని ఆ సారు ముందే చెప్పాడు. అయినా పెదనాయన పత్తి నడుమ, రోడ్డుకు కనబడకుండా, కొన్ని సాళ్లు కొర్ర వేశాడు.

పెదనాయన తాత కాలంలో తెల్లదొరల మిల్లుల కోసం తిండిగింజల చేన్లన్నీ పత్తి చేన్లయ్యాయి. కరువొచ్చిన ఏడు కూడా పత్తి రైలెక్కి పోయింది. తాత చెల్లెలు ఆకలితో చచ్చిపోయింది. అప్పటినుంచి కొర్ర లేకుండా మావాళ్లు పత్తి పెట్టలేదు.

"రేషన్ బియ్యం ఉండగా ఇదేం పిచ్చి?" అని నేను మొహం మీదే అడిగాను.

"ఇచ్చేటోడు ఇయ్యకుంటే?" అన్నాడు.

నిన్న పొద్దున సారు కారు గట్టు దగ్గర ఆగింది. కొర్ర పండి ఉంది.

"సప్పుడు చెయ్యకే. జూసిండంటే మనకు చేను లేదు," అన్నాడు పెదనాయన.

"నేను చెయ్య. పిట్టలకెవరు చెప్తరు?" అంది సోమక్క పెద్దమ్మ.

అప్పటికే పిట్టల గుంపు సరిగ్గా కొర్ర మీద వాలింది.

"ఏంది కట్టయ్యా, పత్తిల పిట్టలకేం పని?" అన్నాడు సారు.

పెదనాయన ఇంకాసేపు ఊరుకుంటే సారు వెళ్లిపోయేవాడేమో. కానీ కళ్లముందే గింజలు పోతుంటే ఆగలేకపోయాడు. "హోయ్!" అని అరుస్తూ, తువ్వాల తిప్పుతూ పత్తిలోకి ఉరికాడు.

పిట్టలు లేచిపోయాయి. ఆయన వెనకే సారు కూడా చేన్లోకి దిగాడు.