ఆక్టోపస్ మూడో గుండె

ప్లూటోని గ్రహాల్లోంచి తీసేసిన కొద్దిరోజులకే జోగారావుకీ ఆ గతే పట్టేటట్టు కనబడింది. డెబ్బై ఏళ్ళ పైచిలుకు సర్వీసున్న ప్లూటోనే పొమ్మన్నప్పుడు, అమీర్‌పేటలో జనరల్ నాలెడ్జి చెప్పుకుని బతికే మాస్టారొక లెక్కా? పేపర్లో ఆ వార్త చదివినప్పుడు ఆయన నవ్వాడు గానీ, ఆ నవ్వులో పసలేదు.

రామచంద్రపురం నుంచి వచ్చిన కొత్తల్లో ఆయన క్లాసంటే మెట్ల మీద కూడా కూర్చునేవాళ్ళు. బ్యాంకు పరీక్షలు రాసేవాళ్ళు, గ్రూప్స్‌కి చదివేవాళ్ళు అంతా ఆయన దగ్గరికే. తర్వాత వీధి వీధంతా సాఫ్ట్‌వేర్ పిచ్చి పట్టుకుంది. గోడ మీద జావా, కరెంటు స్తంభం మీద ఒరాకిల్, ఆఖరికి టీకొట్టు రేకు మీద కూడా టెస్టింగ్ టూల్స్. వాటి మధ్య ఆయన బోర్డు కళ్ళు చిట్లించుకుని వెతికితే గానీ కనబడదు. బ్యాచ్‌లు ఒక్కొక్కటే పోయి, సాయంత్రం బ్యాచ్ ఒక్కటి మిగిలింది. అది కూడా ఈగలు తోలుకునే స్థితికొచ్చింది.

ఇన్‌స్టిట్యూట్ నడిపే కృష్ణమోహన్ చెడ్డవాడేం కాదు. ఆదివారం ఒక డెమో పెట్టుకోండి, బ్యాచ్ నిలబడిందా సరే, లేకపోతే ఆ గది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్పేవాళ్ళకిచ్చేస్తానని మెత్తగానే చెప్పాడు. మెత్తగా చెప్పినంత మాత్రాన గుచ్చుకోకుండా ఉంటుందా? అమీర్‌పేటలో డెమో అంటే డబ్బు తీసుకోకుండా చెప్పే మొదటి క్లాసు. నచ్చినవాళ్ళు కౌంటర్ దగ్గర పేరు రాయించుకుంటారు. నచ్చనివాళ్ళు దులుపుకుని పక్క మేడ ఎక్కుతారు.

భార్య కమలకుమారి ఆ ముక్క వినగానే, బ్యాచ్ పోతే తమ్ముడు వీర్రాజు మందుల షాపులో కూర్చోండి అంది. పంజాగుట్టలో పెద్దాసుపత్రి ఎదురుగా షాపు, బేరానికి లోటుండదు. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు. కానీ బావమరిది కౌంటర్ వెనక నిలబడి జ్వరం బిళ్ళలు అందించే బతుకు తల్చుకుంటేనే ఆయన ప్రాణం ఉసూరుమంది. నలుగురికి ఏదో ఒకటి చెప్పడం తప్ప ఈ జన్మకి ఇంకేమీ చేతగాని మనిషి మరి.

ఆదివారం మోకాళ్ళు పట్టుకుంటూ, మెట్టుమెట్టుకీ ఆగుతూ పైకెక్కి తలుపు తోశాడు. గది కిటకిటలాడుతోంది! కుర్చీలన్నీ నిండిపోయి, గోడవారన నిలబడ్డారు కూడా. గది పొరబడ్డానేమోనని వెనక్కొచ్చి తలుపు మీద నంబరు చూసుకున్నాడు. అదే గది. పాపం, ఆయన గుండె ఎంత పొంగిందో చెప్పలేం.

ఆ రోజు చెప్పాడండీ జోగారావు! శుక్రగ్రహం తన చుట్టూ తాను ఒక్కసారి తిరిగేలోపు సూర్యుడి చుట్టూ ఓసారి తిరిగొచ్చేస్తుంది, అక్కడ పుట్టినరోజులు జరుపుకునేవాడి సంగతేమిటో ఆలోచించండన్నాడు. బ్రిటిష్‌వాళ్ళకీ జాంజిబార్‌కీ జరిగిన యుద్ధం ముప్పావుగంటైనా పట్టలేదన్నాడు. క్లియోపాత్రా కాలానికి పెద్ద పిరమిడ్ కన్నా చంద్రుడి మీద మనిషి కాలుపెట్టడమే దగ్గరన్నాడు. బ్రెజిల్‌లో బయటపడేదాకా లోకంలో వజ్రమంటే దాదాపు మన గోల్కొండ రాజ్యపు గనులదేనన్నాడు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు, పగలబడి నవ్వారు. గొంతు బొంగురుపోతున్నా ఆయన ఆగలేదు.

చివరికి, ఆక్టోపస్‌కి మూడు గుండెలన్నాడు. రెండు గుండెలు మొప్పలకి రక్తం పంపుతాయి, మరి మూడోది ఏం చేస్తుందని అడిగి చప్పున ఆపేశాడు. ఆయన డెమోలో మెలిక అదే. జవాబు రేపటి క్లాసులో, చేరినవాళ్ళకే. ఆ ఎత్తు ఏనాడూ పారకుండా పోలేదు.

చేరేవాళ్ళు కింద పేర్లివ్వండి అన్నాడు. ఒక్కరూ కదల్లేదు. మొహమాటపడుతున్నారేమోనని మళ్ళీ చెప్పాడు. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ముందు వరసలో దివ్యశ్రీ అనే అమ్మాయి, మధురానగర్ హాస్టల్లో ఉంటుంది, ఆయన మొహం చూళ్ళేక లేచింది.

"ఏమనుకోకుండ్రి సార్. దీని తర్వాత గిదే రూంల టెస్టింగ్ డెమో ఉంది. లేట్‌గ వస్తే సీటు దొరకదని అందరం ముందుగాల్నే వచ్చి కూసున్నం. మీరు చెప్పినయి సుత మస్తున్నయి సార్."

జోగారావు డస్టర్ తీసుకుని బోర్డు తుడిచాడు, మూలమూలలా తుడిచాడు. చొక్కా అంతా సుద్దపొడి. ఒళ్ళు ఒక్కసారిగా బరువెక్కింది. ఎక్కిన మెట్లన్నీ మళ్ళీ దిగాలి గదా అనిపించి ఏడుపొచ్చినంత పనైంది.

ఆయన గుమ్మం దాటేలోపే కృష్ణమోహన్ రొప్పుకుంటూ వచ్చాడు. టెస్టింగ్ చెప్పే ఆయన పంజాగుట్ట ఫ్లైఓవర్ పనుల దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాడట. లోపల అప్పుడే ఇద్దరు ముగ్గురు సంచులు సర్దుకుంటున్నారు. ఇంకాసేపు ఏదో ఒకటి చెప్పమని బతిమాలాడు. జోగారావు వెనక్కి నడిచాడు. ఎందుకు నడిచాడో ఆయనకే తెలీదు. అరటిపండు వృక్షశాస్త్రం లెక్కలో బెర్రీ, స్ట్రాబెర్రీ మాత్రం కాదు అని నీరసంగా మొదలుపెట్టాడు. సంచులు మళ్ళీ కింద పెట్టారు. టెస్టింగ్ ఆయన చెమటలు కక్కుకుంటూ వచ్చేసరికి ఒక్క కుర్చీ ఖాళీ కాలేదు.

బయట వరండాలో కృష్ణమోహన్ మొహం వెలిగిపోతోంది.

"మాస్టారూ, బ్యాచ్ మాట ఇంక మర్చిపోండి. కానీ ప్రతి డెమోకీ ముందు మీరొచ్చి, ఫ్యాకల్టీ వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టండి. మీకు ఇవ్వాల్సింది ఇస్తాను."

ఆలోచించుకుని చెప్పమని కృష్ణమోహన్ కిందికి వెళ్ళిపోయాడు. ఇన్నేళ్ళ చదువూ చివరికి కుర్చీలు కాపలా కాయడానికా అని జోగారావుకి కడుపు రగిలింది. రగిలి ఏం లాభం? కోప్పడటానికైనా ఒంట్లో ఓపికుండాలి. రెయిలింగ్ పట్టుకుని మొదటి మెట్టు దిగాడు.

వెనక నుంచి దివ్యశ్రీ పరుగెత్తుకొచ్చింది. దొరికిన సీటు మీద దుపట్టా వేసి వచ్చిందట.

"సార్, గా మూడో గుండె సంగతి చెప్పకనే పోతున్నరు."

ఆయన రెయిలింగ్ పట్టుకునే వెనక్కి తిరిగాడు.

"అది ఒళ్ళంతటికీ రక్తం పంపుతుందమ్మా. కానీ ఆక్టోపస్ ఈదుతుంటే ఆ గుండె కొట్టుకోవడం ఆగిపోతుంది. అందుకే ఈదితే ఇట్టే అలిసిపోతుంది."

"మరెట్ల బతుకుతది సార్?"

"వీలైనంత వరకు ఈదదు. పాకుతుంది."

ఆ అమ్మాయి తలూపి, సీటు పోతుందేమోనని మళ్ళీ లోపలికి పరుగెత్తింది. జోగారావు నెమ్మదిగా మెట్లు దిగి, కౌంటర్ దగ్గరకెళ్ళి, వచ్చే ఆదివారం ఎన్ని గంటలకి రమ్మంటారని కృష్ణమోహన్‌ని అడిగాడు.