పౌడర్ తుడిచేసిన ఇల్లు

ఆమెను అందరూ బ్లేడక్క అంటారు. కొత్తగా కట్టిన ఇళ్లల్లో, పగలగొట్టి బాగుచేసిన ఇళ్లల్లో నేల మీద ఎండిన రంగు చుక్కల్ని బ్లేడుతో గీకి తీయడం ఆమె పని. నాలుక కూడా అదే పదును కాబట్టి పేరు అతుక్కుపోయింది. కట్టేవాళ్లు వెళ్లిపోయాక, ఉండేవాళ్లు రాకముందు, ఆ మధ్యలో ఇంట్లో మిగిలే దుమ్మంతా ఆమెది. సిమెంటు దుమ్ము, రంపపు పొట్టు, గోడలు రుద్దితే రాలిన తెల్లటి పొడి, కిటికీ సందుల్లో కుక్కిన బీడీ ముక్కలు. ముక్కుకి గుడ్డ కట్టుకుని పైనుంచి కిందికి, లోపలి గదినుంచి వీధి గుమ్మం దాకా తుడుచుకుంటూ వస్తుంది. ముందు పొడి గుడ్డ, ఆ తర్వాతే నీళ్లు. ఆ వరస తప్పి ముందే నీళ్లు కొడితే దుమ్ము నేలకి పట్టుకుని తెల్లటి పొరలా ఉండిపోతుంది. ఎంత రుద్దినా వదలదు.

ఆమె మొగుడికి పట్టిన నింద కూడా అలాంటిదే.

ఆయన పెయింటరు. పెద్ద మేస్త్రీ దగ్గర పని. ఒకరోజు మేడ గోడకి రంగు వేస్తుంటే కాళ్ల కింద తాడుతో కట్టిన చెక్క పలక ఒరిగిపోయి కింద పడ్డాడు. కాలు విరిగింది, తలకి దెబ్బ తగిలింది. ఆసుపత్రి మెట్ల మీదే మేస్త్రీ నలుగురికీ వినపడేలా అన్నాడు, "పొద్దున్నే తాగి ఎక్కాడండీ. వద్దంటే వింటేనా" అని. జనం నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా వీధి వీధంతా "తాగి పడ్డాడట" అంది. కాలు అతుక్కున్నాక కూడా ఆయన్ని ఎవరూ పనికి పిలవలేదు. తాగుబోతుని నిచ్చెన ఎక్కించి ఎవరు పీకల మీదికి తెచ్చుకుంటారు?

మందు వాసనకే పక్కకి జరిగే మనిషి అని ఆమెకి తెలుసు. అయితే ఆయనకే తెలియకుండా పోయింది. తల మీద తగిలిన దెబ్బ ఆ ఒక్క రోజుని మనసులోంచి ఎత్తుకుపోయింది. మొదట్లో "నేనెప్పుడైనా తాగానా" అన్నాడు. అందరూ అదే పాట పాడుతుంటే "తాగానేమోలే" అన్నాడు. చివరికి అన్నం ముందు కూర్చుని "తప్పయిపోయిందే, ఆ రోజు ఎందుకు తాగానో" అని ఆమెకి క్షమాపణలు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. చెయ్యని తప్పుకి మొగుడు తల దించుకుని కూర్చుంటే చూడటంకన్నా, నిజంగా తాగి తందనాలాడినా నయమని ఆమెకి అనిపించేది.

నిజం ఆమెకి వడ్రంగి చెప్పాడు. అతనూ ఆ మేస్త్రీ దగ్గరే చేసేవాడు. వేరే ఊరికి వెళ్లిపోతూ దారిలో ఆపి, "అక్కా, పలక కట్టిన తాడు కుళ్లిపోయింది. మార్చమని మీ ఆయన ముందురోజే అడిగాడు. రేపు చూద్దాంలే అన్నాడు మేస్త్రీ. నా పేరు మాత్రం ఎక్కడా ఎత్తకు" అన్నాడు. ఆ మాట ఆమె పరుగున ఇంటికి మోసుకొచ్చింది. మొగుడు నవ్వాడు. "నా మనసు సరిపెట్టడానికి ఎన్ని కథలల్లుతావే" అన్నాడు.

ఆ నవ్వు చూశాకే ఆమెకి అర్థమైంది. ఈ మాట తన నోటినుంచి వస్తే చెల్లదు. నింద ఏ నోటినుంచి వచ్చిందో ఆ నోరే దాన్ని వెనక్కి మింగాలి. అప్పటిదాకా మొగుడు ఆమెకి తిరిగి రాడు.

అందుకే ఆమె వెళ్లి మేస్త్రీ దగ్గరే పనికి కుదిరింది. చూసినవాళ్లు "సిగ్గు లేదు" అన్నారు. మేస్త్రీ మాత్రం ఛాతీ విరుచుకుని చెప్పుకునేవాడు: "వాళ్లాయన తాగి నా మీదికి తెచ్చాడు, అయినా కడుపు మాడ్చుకోకూడదని ఆవిడకి పనిచ్చింది ఎవరనుకున్నారు?" ఆమె కుక్కిన పేనులా తల వంచుకుని గీకుతూ ఉండేది. పగ పెంపుడు జంతువు లాంటిది, రోజూ ఇంత మేత వెయ్యకపోతే చచ్చి ఊరుకుంటుంది. ఆమె దాని దాణాకి లోటు రానివ్వలేదు. మేస్త్రీ గొంతు వినపడినప్పుడల్లా ఓ గుప్పెడు పడేది.

ఈ మేస్త్రీ పనిలో ఒక ఆనవాయితీ ఉంది. పని అంతా అయ్యాక ఇంట్లో చివరగా ఉండేది శుభ్రం చేసేవాళ్లే కాబట్టి, లోపాలు కప్పే పని కూడా వాళ్లదే. గోడ మూల పగుళ్లలో లప్పం రుద్దాలి. చిట్లిన నేల పలకలో రంగు కలిపిన తెల్ల సిమెంటు నింపి, పైన సబ్బు రాసి మెరిపించాలి. వంటగట్టు రాయి అంచు విరిగిన చోట మైనంలో రాతిపొడి కలిపి అతకాలి. వాళ్లలో వాళ్లు దీన్ని పౌడర్ వెయ్యడం అంటారు. ఇంటివాళ్లు వచ్చి చూసి, తల ఊపి, తాళాలు తీసుకునేదాకా ఆ పౌడర్ నిలబడితే చాలు. తర్వాత రాలితే ఇంటివాళ్ల వాడకం బాగాలేనట్టు. బ్లేడక్క చేతి పౌడరైతే నెలల తరబడి రాలదు. అందుకే మేస్త్రీ ఆమెని వదులుకోడు.

ఈసారి పనికి వచ్చిన ఇల్లు ఒక పెద్దావిడది. ఒంటరి మనిషి. పాత ఇంటిని లోపలంతా విప్పించి, గోడలు జరిపించి, కొత్త నేల వేయించింది. పని జరిగినన్నాళ్లూ చెల్లెలి ఇంట్లో ఉంది. తన ఇల్లు బాగా కుదిరితే ఆ చెల్లెలి ఇంటి పని కూడా ఇప్పిస్తానంది. మేస్త్రీకి అప్పటినుంచీ నిద్రలో కూడా చెల్లెలి ఇల్లే.

"రేపు మధ్యాహ్నం ఆవిడ వస్తుంది. చెప్పులు విప్పి నడుస్తుందట, పాదంతో చూస్తుందట. పౌడర్ గట్టిగా పడాలి" అని మేస్త్రీ ముందురోజే వచ్చి, ఎక్కడెక్కడ ఏముందో చూపించి, తనే లప్పం, సిమెంటు, మైనం, జిగురు పైపైన పెట్టి మరీ వెళ్లాడు.

పొద్దున్నే బ్లేడక్క ఆడపడుచుని వెంటబెట్టుకుని వచ్చింది. మొగుడి చెల్లెలు. పనిలో ఆమెకి జోడీ. మాటల్లో మాత్రం జోడీ కాదు, పోటీ.

"వదినా, ఈ గది చూడు, మన ఇల్లంత ఉంది. ఇందులో ఒక్క మనిషి పడుకుంటుందా? పొర్లుతుందా?"

"నువ్వు నీళ్లు పట్టుకురా ముందు."

"ఇంకా పొడి గుడ్డ అవలేదుగా."

"నిన్నే చేసేశాను. ఈరోజు అన్నీ కడుగుతున్నాం."

ఆమె గోడ మూలకి వెళ్లింది. మేస్త్రీ పూసిన లప్పం ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. తడి స్పాంజి పెట్టి అద్దింది. పాలమీగడలా ఊడి వచ్చింది. కింద కిటికీ నుంచి పైకప్పు దాకా సన్నటి పగులు, నల్లగా, వంకరగా బయటపడింది.

ఆడపడుచు బకెట్టు కింద పెట్టి నిలబడిపోయింది. "అది కప్పమని కదా ఇచ్చింది?"

"శుభ్రం చెయ్యమని ఇచ్చాడు. శుభ్రం చేస్తున్నా."

"పిచ్చి పట్టిందా వదినా? ఈయన తరిమేస్తే ఎవరిస్తారు పని? ఇప్పటికే మా అన్నయ్య తాగి..."

"మీ అన్నయ్య తాగలేదు." ఆమె వెనక్కి తిరగలేదు. "ఈరోజు నీ చెవులతో నువ్వే వింటావు. అప్పటిదాకా ఆ వంటగట్టు దగ్గర మైనం ఉంది, వేడినీళ్లు పోసి కరిగించు."

ఆడపడుచు కాసేపు గొణిగింది. తర్వాత వేడినీళ్లు పెట్టింది. అన్న పడిన రోజు ఆసుపత్రి మెట్ల మీద నిలబడి అందరితోపాటు తనూ అన్నని తిట్టిన సంగతి ఆడపడుచుకి గుర్తుంది. అది గుర్తున్న మనిషికి ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఆ పూట వాళ్లు ఆ ఇంటిని కడిగినట్టు ఏ ఇంటినీ కడగలేదు. హాలు మధ్య చిట్లిన పలకలోంచి తెల్ల సిమెంటుని బ్లేడు మొనతో రవ్వ మిగలకుండా తవ్వి తీసింది బ్లేడక్క. తలుపు చట్రానికీ గోడకీ మధ్య జిగురు, రంపపు పొట్టు కలిపి నింపిన సందుని ఖాళీ చేసింది. ఇప్పుడు అందులోంచి పక్క గది వెలుతురు కనిపిస్తోంది. స్నానాలగదిలో వాటం తప్పింది, నీళ్లు గొట్టం వైపు పోకుండా ఎదురు మూలకి పోతాయి. మామూలుగా అయితే తుడిచి ఆరబెట్టి పైన పట్టా పరుస్తారు. ఆమె నిండు బకెట్టు కుమ్మరించి పట్టా తీసి బయట ఆరేసింది. నీళ్లు వెళ్లి మూలన హాయిగా కూర్చున్నాయి. తర్వాత అద్దాలు తుడిచింది, ఎండ బాగా పడాలని. ఒక్కచోట కూడా చెయ్యి కక్కుర్తి పడలేదు. ఇన్నేళ్ల కోపం ఒక పద్ధతిగా ఎలా వాడాలో చేతులకి తెలిసినట్టు చేసుకుంటూ పోయింది.

పెద్దావిడ కన్నా కొంచెం ముందుగా మేస్త్రీ వచ్చాడు. గుమ్మంలో నవ్వు మొహంతో అడుగుపెట్టి, హాల్లోకి వచ్చేసరికి ఆ నవ్వుని ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు.

"ఇదేంటి?"

"కడిగాం" అంది బ్లేడక్క.

"కడిగావా? ఇల్లు బట్టలిప్పి నిలబెట్టినట్టుంది. పౌడర్ ఏది?"

"మురికనుకున్నా మేస్త్రీ. తుడిచేశాను."

అతను గోడ దగ్గరికి పరిగెత్తాడు, అక్కణ్నుంచి వంటగదికి, అక్కణ్నుంచి స్నానాలగదికి. లోపల చెప్పులు నీళ్లలో పడిన చప్పుడయింది. తిరిగొచ్చేసరికి మొహం తేలు కుట్టిన దొంగలా ఉంది. అరవడానికి లేదు, పక్కింటివాళ్లు వింటారు.

"తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటా. ఆవిడ వచ్చేస్తోంది. నీ చెయ్యి పడితే ఇట్టే అయిపోతుంది. ముందు హాలు చూడు, ఆ పలక చూడు."

"కాళ్లు వద్దు. ఫోను తీ."

"ఎందుకు?"

"మా ఆయన సైకిల్ షాపు ముందు బల్ల మీద కూర్చుని ఉంటాడు. ఆయనకి చెయ్యి. ఆ రోజు ఆయన తాగలేదని చెప్పు. తాడు కుళ్లిందని ముందే నీకు తెలుసని చెప్పు. ఆ తర్వాత పని సంగతి మాట్లాడదాం."

మేస్త్రీ కళ్లు చిన్నవయ్యాయి. "ఎవడు చెప్పాడు నీకు?"

"నువ్వే చెప్పబోతున్నావు."

అతను కిటికీలోంచి వీధి వైపు చూశాడు. గోడ మీద పగులు వైపు చూశాడు. బేరం ఆడే మనిషి కదా, ఎక్కడ ఎక్కువ పోతుందో లెక్క వేసుకున్నట్టున్నాడు. ఒక కుంటి పెయింటరుకి ఒక మాట చెబితే పోయేదేముంది, ఫోనులో చెప్పిన మాట గాల్లో పోతుంది అనుకుని ఉంటాడు. ఇలాంటివాళ్లు అందరూ అక్కడే తప్పు చేస్తారు. మనలాంటివాళ్ల పరువు మాట మీదే బతుకుతుందని వాళ్లకి తెలియదు.

మేస్త్రీ నంబరు నొక్కాడు, అవతల ఫోను మోగింది. బ్లేడక్క చెయ్యి చాచి స్పీకరు నొక్కింది.

"ఎవరండీ?" అంది పెయింటరు గొంతు. వెనక గాలి కొట్టే పంపు చప్పుడు.

"నేనేరా, మేస్త్రీని. అదీ... ఆ రోజు సంగతి. నువ్వేం తాగలేదులే. తాడు కొంచెం పాతదయింది. అంతే."

"కొంచెం పాతదా?" అంది బ్లేడక్క పక్కనుంచి.

"కుళ్లిపోయింది. నువ్వు మార్చమన్నావు. నేనే... సరేనా?"

అవతల పంపు ఆగింది. ఆడపడుచు గోడకి ఆనుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మళ్లీ చెప్పండి" అన్నాడు పెయింటరు.

"చెప్పాగా."

"సరిగ్గా వినపడలేదు. మళ్లీ చెప్పండి."

మేస్త్రీ మళ్లీ చెప్పాడు. చెబుతూ బ్లేడక్కకి చేత్తో చిట్లిన పలక వైపు సైగ చేశాడు, కానివ్వమని. ఆమె కదల్లేదు.

"బావా, ఇటు రా" అని పెయింటరు అక్కడెవర్నో పిలవడం వినిపించింది. "మేస్త్రీ గారు మాట్లాడుతున్నారు, నువ్వూ విను. చెప్పండి మేస్త్రీ గారూ. గట్టిగా చెప్పండి, మా బావకి చెవుడు."

"నాకెక్కడరా చెవుడు?" అంది ఇంకో గొంతు.

"ఉందిలే. రోజూ 'ఈరోజు ఎన్ని గ్లాసులేశావు పెయింటరూ' అని అడిగేవాడివిగా. నేను లేదంటే నీకెప్పుడు వినపడింది?"

ఆయన గొంతులో అలాంటి ఎకసెక్కం బ్లేడక్క విని ఏళ్లయింది. పెళ్లయిన కొత్తలో ఇలాగే ఉండేది ఆ గొంతు. ఆమె గోడ వైపు తిరిగి, కడిగిన చోటే మళ్లీ ఒకసారి తుడిచింది.

వీధిలో ఆటో ఆగింది. మేస్త్రీ ఫోను కట్టెయ్యబోయాడు. బ్లేడక్క అతని మణికట్టు పట్టుకుంది. ఏళ్ల తరబడి గీకిన చెయ్యి, ఉడుం పట్టు.

"అడిగాడుగా. చెప్పు."

తొందరగా వదిలించుకోవాలని మేస్త్రీ గట్టిగానే అన్నాడు, "నువ్వు తాగలేదురా బాబూ. తాడు కుళ్లిందని నాకు ముందే తెలుసు. తప్పు నాది. చాలా?"

గుమ్మంలో పెద్దావిడ నిలబడి ఉంది. చెప్పులు అప్పటికే విప్పేసింది.

"ఏ తాడు మేస్త్రీ గారూ?" అంది.

ఆవిడ మెల్లగా హాల్లోకి నడిచింది. చిట్లిన పలక దగ్గర పాదం ఆగింది. బొటనవేలితో ఆ గాడిని అటూ ఇటూ తడిమి చూసుకుంది. తల ఎత్తి గోడ మూల చూసింది, పైకప్పు దాకా. తలుపు పక్క సందులోంచి పడుతున్న వెలుతురు చూసింది. లోపలికి వెళ్లింది. కాసేపటికి స్నానాలగదిలోంచి నీళ్లలో అడుగు పడిన చప్పుడు, వెంటనే ఆవిడ గొంతు.

"మేస్త్రీ గారూ, మీరొకసారి ఇటు రండి."

"మేస్త్రీ గారూ, ఎక్కడికీ వెళ్లకండి" అంటోంది ఫోను. "పక్క షాపు టైలరు కూడా వచ్చాడు, ఆయనా వినాలి. ఇంకొక్కసారి మొదట్నుంచీ."

మేస్త్రీ ఒకసారి చేతిలో ఫోను వైపు, ఒకసారి లోపలి గది వైపు చూశాడు. ఏ పిలుపుకి ముందు పోవాలో అతన్నే తేల్చుకోమన్నట్టు బ్లేడక్క చెయ్యి వదిలేసి, తడి గుడ్డ నీళ్లు కారేదాకా పిండి, కిటికీ కమ్మీ మీద ఆరేసింది.