విలేకరులకు ఇంటి భోజనం

మా ఆయన వనపర్తిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఆటల సారు. ఏటా జూన్‌లో కొత్త కాగితం చేతికిస్తేనే ఉద్యోగం ఉన్నట్టు. నేను చెప్పే సంవత్సరం మా పాపకు పది నెలలు. రెండు వేల సంవత్సరం దాటి ఇంకా ఎంతో కాలం కాలేదు. ఆ ఏడు కాలేజీల మధ్య అమ్మాయిల ఖోఖో పోటీలు మా దగ్గరే పెట్టారు. ప్రిన్సిపల్ మా ఆయనను పిలిచి, మన జట్టు పేరు పేపర్ల జిల్లా పేజీలో ఫొటోతో రావాలి, లేదంటే జూన్‌లో ఇంకొకరిని చూసుకుంటాం అని చెప్పాడట. నవ్వుతూ చెప్పాడని మా ఆయన ధైర్యంగా ఉన్నాడు. నవ్వుతూ చెప్పాడనే నాకు భయం వేసింది.

విలేకరుల సంగతి ఆటల సార్ల భార్యలందరికీ తెలుసు. భోజనం హోటల్ నుంచి తెప్పిస్తే నాలుగు లైన్లు, ఇంటి నుంచి క్యారియర్ వస్తే ఫొటో. నాగర్‌కర్నూల్‌లో ఒక సారు భార్య నాటుకోడి వండి పంపితే ఓడిన జట్టుకు కూడా ఫొటో పడిందని చెప్పుకునేవారు. ఆడే పిల్లలకు మాత్రం పులిహోర పొట్లం, కుండలో నీళ్లు.

వార్త పోవడానికి అప్పుడు ఒకటే దారి. రాసిన కాగితాలు, ఫొటో రీలు కవర్లో పెట్టి నాలుగు గంటల మహబూబ్‌నగర్ బస్సు డ్రైవర్ చేతికివ్వాలి. అందుకని ఫైనల్‌కు ముందే రెండు జట్లకూ వేర్వేరుగా కప్పు పట్టించి ఫొటోలు తీసేవారు. గెలిచింది ఎవరో కాగితం మీద రాస్తే మహబూబ్‌నగర్ ఆఫీసులో ఆ జట్టు బొమ్మ వేసుకునేవారు. వచ్చేది నలుగురు విలేకరులైనా రాసేది కళ్లద్దాల పెద్దాయన ఒక్కడే. మిగతా ముగ్గురూ ఆయన కాగితం చూసి దించుకునేవారు.

ఫైనల్ మాకూ గద్వాల కాలేజీకీ. ముఖ్య అతిథి రావడం ఆలస్యమై మూడు గంటలకు గానీ ఆట మొదలు కాలేదు. విలేకరులు అప్పుడే స్టాఫ్ రూములో భోజనానికి కూర్చున్నారు. బగారా అన్నం, మటన్ కూర, జొన్న రొట్టెలు. పాపకు రాత్రి నుంచి ఒళ్లు వెచ్చగా ఉంది. చూసుకునేవాళ్లు లేక చంకన వేసుకునే వడ్డిస్తున్నాను.

"ఓ చెల్లె, పాపను జర అటు పండవెట్టరాదు. కూరల చొల్లు పడ్తది" అన్నాడు పెద్దాయన.

"పడనియ్యి అన్నా, ఉప్పు తక్కువైంది. సరిపోతది" అన్నాడు పక్కనున్నవాడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పాపను తీసుకెళ్లి పక్క గదిలో, వలలూ బంతులూ పెట్టే చోట, గోనెపట్టా మీద పడుకోబెట్టి వచ్చాను. అది గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపుకు పాలు వచ్చి రవిక తడిసిపోయింది. కొంగు నిండుగా కప్పుకుని రొట్టెలు వేస్తూనే ఉన్నాను.

"ఏందమ్మా, మూలుగ బొక్కలన్ని మాకే పడుతున్నయ్? సారు కొలువు పర్మినెంట్ అయ్యిందా?" అన్నాడు మూడోవాడు.

"అయితదనే ఏస్తుంది తియ్యరాదె" అన్నాడు నాలుగోవాడు.

కిటికీలోంచి మైదానం కనబడుతోంది. మొదటి సగం అయిపోయింది. మావాళ్లు నాలుగు పాయింట్లు ముందున్నారు. పెద్దాయన ఎంగిలి చేత్తోనే గడియారం చూసుకున్నాడు.

"బస్సుకు టైమైతుంది. కప్పు ఎవరు కొట్టిండ్రు చెల్లె?"

నేనూ డిగ్రీలో ఖోఖో ఆడినదాన్నే. రెండో సగం ఉందని, నాలుగు పాయింట్లు ఒక్క నిమిషంలో పోతాయని నాకు తెలుసు.

"మనోళ్లే సార్. అయిపోయినట్టే" అన్నాను.

ఆయన చెయ్యి కడుక్కుని రాశాడు. మా కెప్టెన్ పేరు నన్నే అడిగాడు. మిగతా ముగ్గురూ దించుకున్నారు. కవర్ అంటించి, కిళ్లీలు వేసుకుని బండ్లెక్కి వెళ్లిపోయారు.

నాలుగుంబావుకు గద్వాల పిల్లలు రెండు పాయింట్లతో గెలిచారు. వాళ్ల కెప్టెన్ మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతుంటే అలాగే కుంటుతూ వెళ్లి కప్పు అందుకుంది. మా ఆయన పరుగెత్తుకొచ్చి, కవర్ పోయిందా అని అడిగాడు. పోయిందన్నాను. ఎస్టీడీ బూత్‌కు పోయి మహబూబ్‌నగర్ ఆఫీసుకు ఫోన్ చేస్తానన్నాడు.

"జర ఆగుండ్రి. ముందు పాపకు మందు తెండ్రి. ఒళ్లు కాలుతుంది" అన్నాను.

పాప ఒళ్లు అప్పుడు చల్లగానే ఉంది.

మర్నాడు నాలుగు పేపర్లలోనూ కప్పు పట్టుకున్న మా జట్టు ఫొటో వచ్చింది. ప్రిన్సిపల్ వాటిని కత్తిరించి ఫైల్లో పెట్టుకున్నాడట. మా ఆయనతో మాత్రం ఒకే మాట అన్నాడట, దిద్దుబాటు గిద్దుబాటు అని తిరగొద్దని.

ఆ ఆదివారం గద్వాల కెప్టెన్, వాళ్ల నాన్న మా ఇంటికి వచ్చారు. కప్పును తువాలలో మూటగట్టి తెచ్చారు. వాళ్లను కిటికీలోంచి చూసి, పాపను మా ఆయన చేతికిచ్చి లోపలి గదిలోకి పంపాను. ఆయన ఏమీ అడగకుండానే వెళ్లాడు.

"సారు ఊర్ల లేరు" అన్నాను.

"మా ఊర్ల హోటల్ కాడ పేపర్ సదివి నగుతుండ్రు బిడ్డా" అన్నాడాయన. "కప్పు దుకాన్ల కొనుక్కొచ్చిందంటుండ్రు. గెలవకపోతే పిల్ల రెండు దినాలు ఏడికి పోయినట్టని నన్నే అడుగుతుండ్రు. మా పిల్లలే గెలిసిండ్రని సారు రెండు లైన్లు రాసి ముద్ర కొట్టిస్తే సాలు. లేకుంటే మా అన్నదమ్ములు దీన్ని కాలేజికి పోనియ్యరు."

"కూసోండ్రి. అన్నం తిని పోండ్రి" అన్నాను.

వద్దన్నాడు. దూరం నుంచి వచ్చారు, తినకుండా పంపితే సారు నన్ను తిడతారని బలవంతం చేశాను. కూర్చున్నాడు. ఇద్దరికీ పళ్లేలు పెట్టి పప్పు, వంకాయ కూర వడ్డించాను. ఆయన నాలుగు ముద్దలు తిన్నాడో లేదో లోపల పాప ఏడ్చింది. వెంటనే మా ఆయన గొంతు: "ఊకో తల్లీ, ఊకో."

ఆ అమ్మాయి నాన్న చెయ్యి ఆగింది. తల ఎత్తకుండా, పళ్లెంలో ఉన్నదంతా తిన్నాడు. అన్నం వదిలి లేవడం తెలియని మనిషి. నేను ఇంకొంచెం వడ్డించాను.

ఆ అమ్మాయి పళ్లెం ముట్టలేదు.

"నువ్వు గూడ ఖోఖో ఆడినవంట కద అక్కా?" అంది.

"ఆ."

"మా సార్ చెప్పిండు" అని, కప్పును మళ్లీ తువాలలో చుట్టి ముడి వేసుకుంది.

జూన్‌లో కాగితం వచ్చింది. నెల మొత్తం హాయిగా నిద్రపోయాను. నాకు నిద్ర పట్టలేదని రాస్తే బాగుండేది, కానీ పట్టింది. తర్వాతి ఏడు గద్వాల జట్టులో ఆ అమ్మాయి లేదని మా ఆయన చెప్పాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆ ఏడు విలేకరులు తలకాయ కూర కావాలని కబురు పెట్టారు. వండి పంపాను.