మేడమ్మ కట్టుకున్న మడి

మొన్న బ్యాంకుకి వెళ్తే కౌంటర్ దగ్గరున్న అమ్మాయి నన్నోసారి ఎగాదిగా చూసి, "సీనియర్ సిటిజన్స్ అటు కూర్చోవచ్చండీ" అంది. ఆధార్ కార్డు కూడా అడగలేదు, నా జుట్టే సరిపోయినట్టుంది. ఫ్యాను కింద కుర్చీ, పక్కనే మంచినీళ్లు, అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఆ మాట చెవిన పడగానే నాకు మైకు కట్టుకుని మా వీధిలో తిరిగిన ఆటో గుర్తొచ్చింది. కరోనా వచ్చిన ఆ వేసవిలో పెద్దవాళ్లకి కుర్చీ చూపించేవారు కాదు, తలుపేసుకోమనేవారు.

అప్పుడు యానాం అగ్రహారంలో మా ఇంటి కింద భాగంలో నేనూ, మా మేనత్తా ఉండేవాళ్లం. మేడ మీద ఒకే గది, లోపలే స్నానాలగది, దాని ముందు డాబా. ఆ గదిలో ఫ్రాన్సులో టీచరుగా రిటైరైన ఒకావిడ అద్దెకుండేది. ఊరు చూసి పోదామని వచ్చి, గోదారి గట్టు మీద ఓ సాయంత్రం కూర్చుని, లేచి నేరుగా అద్దెకి గది వెతుక్కున్న మనిషి. ఫ్రెంచి వాళ్లు యానాం వదిలి వెళ్లి ఎన్నేళ్లయిందో, ఈవిడ తీరిగ్గా ఇప్పుడొచ్చిందని వీధిలో నవ్వుకునేవారు. మేడ మీద ఉంటుంది, పైగా మేడమ్, అందుకని మా అత్త రెండూ కలిపి ఆవిడకి మేడమ్మ అని పేరు పెట్టేసింది. ఇద్దరూ డెబ్బై దాటినవాళ్లే అయినా ఆవిడ మాత్రం మా అత్తని భక్తిగా "పెద్దమ్మగారూ" అనేది. పుస్తకం చూసి నేర్చుకున్న తెలుగు కాబట్టి ప్రతి మాటా ఇస్త్రీ చేసినట్టుండేది.

వచ్చిన మర్నాడు పొద్దున్నే మా అత్త నూతి దగ్గర స్నానం చేసి, తడిచీరతో వంటింట్లోకి వెళ్తోంది. మేడమ్మ గబగబా మెట్లు దిగొచ్చి, వాళ్ల పద్ధతిలో అత్త రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టేసింది. అత్త కొయ్యబారిపోయింది. "అయ్యో, మడే తల్లీ! మడి!" అని కేకేసి మళ్లీ నూతి దగ్గరికి పరిగెత్తింది. ఆ రోజు మాకు భోజనాలు ఆలస్యమయ్యాయి. వంటా, పూజా అయ్యేదాకా మడి కట్టుకున్నవాళ్లని ఎవరూ తాకకూడదని మేడమ్మకి చెప్పాను. తాకితే ఏమవుతుందని అడిగింది. అది నాకూ తెలీదు, నాకెప్పుడూ ఆ గొడవ మీద నమ్మకం లేదు. మొత్తానికి ఆ రోజు నుంచీ అత్త వంటింటి గుమ్మంలో, మేడమ్మ మధ్య మెట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవడం అలవాటైంది. గడప తొక్కకూడదని, అది లక్ష్మీదేవని కూడా అత్తే నేర్పింది. అప్పట్నుంచి మేడమ్మ ప్రతి గడపనీ కాలవ దాటినట్టు కాలు ఎత్తి మరీ దాటేది.

ఇంతలో కరోనా వచ్చింది. మా యానాం పుదుచ్చేరి కిందకొస్తుంది, నాలుగడుగులేస్తే ఆంధ్రా. రెండు వైపులా రోడ్డుకి అడ్డంగా బారికేడ్లు పెట్టేశారు. ఆటోలో మైకు పట్టుకున్న కుర్రాడు, "అరవై ఐదేళ్లు దాటినోళ్లు గడప దాటొద్దండి బాబూ, గడప దాటొద్దు!" అని అరుచుకుంటూ తిరిగేవాడు. మా అత్తకి దాంతో పెద్ద ఇబ్బందేమీ లేదు. ఎవరూ ఎవర్నీ ముట్టుకోవద్దంటుంటే, లోకమంతా ఇన్నాళ్లకి దారికొచ్చిందని లోలోపల సంతోషించింది కూడా. మేడమ్మ మాత్రం మెట్ల మీదకి రావడం మానేసింది. నేను భోజనం పళ్లెం పట్టుకెళ్తే గదిలోంచే చెయ్యి చాపి అందుకునేది. భయపడుతోంది కాబోలనుకున్నాను. అత్త మాత్రం, "ఏవిటే, మేడమ్మ మొహం చూపించడం లేదు? నామీదేవైనా కోపమా?" అని రోజూ అడిగేది.

అలా కొన్ని వారాలు గడిచాయి. ఓ సాయంత్రం గోదారి మీంచి చల్లగాలి వేస్తుంటే, డాబా మీదకి రమ్మని నేనే పిలిచాను. ఆవిడ గదిలో నిలబడి, "నేను గడప దాటకూడదు కదా. ప్రభుత్వం ఆజ్ఞాపించింది" అంది. నాకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. ఆవిడ తన గది గడప దాటకూడదనుకుని, ఎదురుగా ఉన్న డాబా మీదకి కూడా రాకుండా ఇన్నాళ్లూ లోపలే ఉండిపోయింది! గడప దాటొద్దంటే ఇల్లు కదలొద్దని అర్థమని, డాబా, మెట్లు, పెరడు అన్నీ ఇంట్లోవేనని చెప్పాను. "ఒక ఇంటికి ఎన్ని గడపలు?" అని గట్టిగా నవ్వింది. నవ్వి, అసలు సంగతి చెప్పింది. ఫ్రాన్సు నుంచి అన్నగారి కూతురు ఫోన్ చేసి, అక్కడి వాళ్లని తీసుకెళ్లడానికి ప్రత్యేక విమానం వస్తోంది, ఎక్కమందట. ఈవిడ సరేనంది. "ఇక్కడా గదే, అక్కడా గదే అనుకున్నాను" అంది.

అత్తకి చెబితే మండిపడింది. "ఇదేం చోద్యవే! గడపంటే ఏవిటో తెలీక దేశం వదిలిపోతుందా? రానని చెప్పెయ్యమను." నాకూ ఆ మైకు కుర్రాడి మీద ఒళ్లు మండింది, వాడి తప్పేమీ లేకపోయినా. వెళ్తే మళ్లీ వీసా వస్తుందో రాదో, ఆ వయసులో అంత దూరం మళ్లీ రాగలదో లేదో. కానీ మేడమ్మ మాట మార్చుకోలేదు. అక్కడ ఆ పిల్లకి మాటిచ్చానంది, తనకి జబ్బు చేస్తే మా ఇద్దరికీ అంటుకుంటుందంది. మిగిలిన ఆ కాసిని రోజులూ మళ్లీ మధ్య మెట్టు మీదకొచ్చి కూర్చుంది.

ఆవిడ బయల్దేరిన రోజు పాస్ అంటించిన కారు పొద్దున్నే వచ్చింది. అప్పుడే స్నానం చేసిన అత్త తడిచీరతో వంటింటి గుమ్మంలో నిలబడింది. మేడమ్మ మెట్లు దిగుతుంటే అత్త నావైపు తిరిగి, "ఓసారిలా దగ్గరికి రమ్మనవే. నేను మళ్లీ స్నానం చేస్తాలే, ఏం పోయింది" అంది. నేను చెప్పనక్కర్లేకపోయింది, ఆవిడకి అర్థమైంది. మధ్య మెట్టు మీదే ఆగిపోయి, మాస్కు ముక్కు పైకి లాక్కుని రెండు చేతులూ జోడించింది.

"వద్దు పెద్దమ్మగారూ. ఈసారి నాకు మడి."

అని వీధి గడపని ఎప్పటిలాగే కాలు ఎత్తి దాటి కారెక్కింది. అత్త ఒంటి మీద చీర ఆరిపోయేదాకా అక్కడే నిలబడింది. మళ్లీ స్నానం చెయ్యాల్సిన పని పడలేదు. మేడమ్మ మళ్లీ రాలేదు. రెండేళ్ల తర్వాత అత్త పోయిందని నేనే ఫోన్ చేసి చెప్పాను.

బ్యాంకులో నా నంబరు పిలిచారు. లేస్తూ పక్కనున్న రెండు ఖాళీ కుర్చీల వైపు చూశాను. కాలం మనకంటూ ఓ కుర్చీ వేసి కూర్చోబెట్టే వేళకి, పక్కన కూర్చోవలసినవాళ్లు లేచి వెళ్లిపోయి ఉంటారు.